రెండో కోడిపుంజు

మనీలాలో కొట్టు చూసుకుంటున్న అన్నయ్యకు తమ్ముడు బూన్ తెక్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం అలా మొదలెట్టాలి కాబట్టి రాశాను.

అమ్మకు దగ్గు తగ్గింది. చిలగడదుంపలు బాగా ఊరాయి. నువ్వు పంపిన సబ్బును అమ్మ వాడకుండా పెట్టెలో దాచింది. కరపత్రాలు చదివి చెడిపోతున్నానని మందలించావు. మనసు కలవని పెళ్ళి బానిసత్వమని వాటిలో ఉంది. అది చదివిన నేను చెడ్డానో, చదవని మీరు చెడ్డారో నువ్వే చెప్పు.

"కోడి ఎలా ఉంది?" అని అడిగావు. వదిన ఎలా ఉందని అడగలేదు.

నీకు రావడానికి తీరిక లేదని, పూర్వీకుల పేర్లు చెక్కిన పూజాపలకల ముందు నీ బదులు పుంజును నిలబెట్టి పెళ్ళి జరిపించారు. దాని కాళ్ళు పట్టుకున్నది నేనే. అప్పుడు నాకింకా మీసాలు రాలేదు. వదిన ఇప్పటికీ నీ ముఖం చూడలేదు. రోజూ తెల్లారగానే అమ్మకు టీ అందిస్తుంది, పుంజుకు గింజలు వేస్తుంది.

"నీకు కోపం రాదా వదినా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు బాబూ? మీ అన్నయ్యకన్నా ఇదే నయం. పొద్దున్నే పలకరిస్తుంది," అని నవ్వింది.

అక్కడ నీకింకో సంసారం ఉందనీ, కొడుకు పుట్టాడనీ తెలిసేదాకానే ఆ నవ్వు. మనవడు పుట్టాడని అమ్మ ఆనవాయితీ ప్రకారం సంబరంగా వాడంతా ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు పంచింది. వాటికి రంగు వేసింది వదినే.

ఇక దాచి లాభం లేదు. ఆ సాయంత్రమే వదిన పుంజును కోసి, అల్లం వేసి వండి, అమ్మ ముందు పెట్టింది.

"మీ అబ్బాయిని వండేశానత్తయ్యా. ఇక నన్ను మా ఇంటికి పంపించండి."

అమ్మ గుండెలు బాదుకుంది. పెదనాన్న సంతకెళ్ళి ఇంకో పుంజును తెచ్చాడు. వదినను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మళ్ళీ దండాలు పెట్టించారు. నేను పట్టుకోనని తిరగబడితే పెదనాన్న నా చెంప పగలగొట్టి, తానే పట్టుకున్నాడు.

"మళ్ళీ కోడేనా? కనీసం బాతునైనా తేవాల్సింది," అంది వదిన. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా.

"విడిచిపెట్టానని వాడు తన చేత్తో రాస్తే పంపిస్తా," అంటోంది అమ్మ. నువ్వు రాయవని ఆమె ధైర్యం. ఒక్క ముక్క చాలన్నయ్యా. 'పిక్ హాను విడిచిపెట్టాను' అని రాయి. ఆమె పేరు నీకు గుర్తుండదని నేనే రాసి పెడుతున్నాను.

ఇట్లు,
మొదటి పుంజు కాళ్ళు పట్టుకున్న నీ తమ్ముడు,
బూన్ తెక్