కిహాచి ఈగలు ఎవరు కట్టాలి

హిదా కొండల్లో కురోసావ ఊరి కాపురస్తురాలిని, చనిపోయిన తోచిహర మొసాకు భార్యను, షిమా అనే నేను, పొట్టలో గడ్డ తప్ప బుర్రలో ఏ లోపమూ లేకుండా చెబుతుండగా సత్రం యజమాని మురోయి హన్బే గారు రాసిన వీలునామా ఇది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అంత మొనగాడు ఈ లోయలో పుట్టలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా హన్బే గారిదే.

1. ఇల్లు, పొయ్యి వెనకున్న చెక్కపెట్టె, అందులోని గాలాలు, పట్టుదారం, చేపలకు ఎరగా గాలానికి కట్టే ఉత్తుత్తి ఈగల ఒంటికి చుట్టే నూగు, అడవికోడి ఈకలు నా తదనంతరం సర్వహక్కులతో నా కొడుకు గెంజిరోకు చెందుతాయి. షరతు ఒకటుంది, చివర్లో చెబుతాను. అది విన్నాక సంబరపడు నాయనా.

2. కోడిపుంజు నా కూతురు నుయికి. దాని మెడ ఈక గాలానికి చుట్టి వాగులో వేస్తే బతికున్న ఈగే కాళ్ళాడిస్తున్నట్టు ఉంటుంది. ట్రౌట్ చేప నోరు తెరవకుండా ఉండలేదు. ఒసేయ్ నుయీ, మీ అత్త ఆ పుంజును పులుసులో వేద్దామంటే ఆవిడ మొహానే తలుపు వెయ్యి. నా దూది దుప్పటి కూడా నీకే. నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టింది అందులోనే. నీకు చలెక్కువ, అత్తారింట్లో ఎలా పడుకుంటున్నావో అని ఇప్పటికీ బెంగే.

3. పక్కింటి ఓతోరకు తెగిన గాలపుతాడు ముక్క. ఆ తాడు పేనడానికి ఆడగుర్రం తోకవెంట్రుకలు తెచ్చి మగగుర్రానివని అంటగట్టింది. ఆడగుర్రం తోక ఉచ్చలో నాని పుచ్చిపోతుందని ఇక్కడ చంటిపిల్లకు కూడా తెలుసు. మొసాకుకు పడ్డ అన్నిటికన్నా పెద్ద చేప ఆ తాడు తెంచుకుపోయింది. "ఏదో పొరపాటైంది షిమక్కా" అని పళ్ళికిలించింది. పొరపాటు దాని మొహం!

4. ఇక కిహాచి. వాడు నా మరిది, మొసాకుకు స్వయానా తమ్ముడు. గాలం వేసే ఓపిక లేక, చేపల్ని చంపే విషపు చెట్టుబెరడు బూడిదతో ఉడకబెట్టి వాగు ఎగువ మడుగులో కలిపాడు. వేలెడంత పిల్లలతో సహా చేపలన్నీ వెల్లకిలా తేలాయి. మొసాకు వెళ్ళి ఆ మరుగుతున్న కుండను తన్నాడు. కిహాచి కాళ్ళు బొబ్బలెక్కాయి. వాడు గొడ్డలి తిరగేసి అన్న తల మీద కొట్టాడు. పడిపోయినవాణ్ణి జుట్టు పట్టి నీళ్ళలో ముంచాడు. నేను పరిగెత్తేసరికి నీళ్ళు ఎర్రబడ్డాయి. వాడి మీద పడి చెవి కొరికేశాను. తెగిన ముక్క ఉమ్మేశాను కూడా. నా మొగుడు మాత్రం లేవలేదు.

వాడు జైలు నుంచి పోయిన శరదృతువులో తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచీ గెంజిరో అడవికత్తి నూరుతున్నాడు. "నువ్వున్నన్నాళ్ళూ ఆగుతానే అమ్మా. నీ దినం కాకముందే బాబాయి తల తెచ్చి నాన్న సమాధి మీద పెడతా" అన్నాడు. కత్తి పడితే ఇల్లు ఇవ్వనన్నాను. "ఎవడిక్కావాలి నీ కొంప!" అన్నాడు. బాబాయి తల నరికితే ఉరికంబం ఎక్కేది నా బిడ్డే కదా. మొగుణ్ణి పోగొట్టుకున్నాను, నిన్ను కూడా ఇవ్వలేనురా గెంజిరో. నాకు చేతకాదు.

5. కాబట్టి ఈ పొద్దున కిహాచిని పిలిపించాను. హన్బే గారు వద్దని మొత్తుకున్నారు. "ఒరేయ్, కుడి చెయ్యి దుంగ మీద పెట్టు" అన్నాను. ఎందుకని అడగలేదు, పెట్టాడు. కట్టెలు చీల్చే సుత్తి ఎత్తాను. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు, ఒంట్లో సత్తువ లేదు. "ఆగకు వదినా, గట్టిగా కొట్టు" అన్నాడు వాడు. కొట్టాను. వేళ్ళు పిండయ్యేదాకా కొట్టాను. వాడు అరవలేదు, ఏడ్చాడు. వాడి కన్నీళ్ళు చూసి నాకు జాలి కలగలేదని కూడా రాయండి అన్నాను. హన్బే గారు రాస్తున్నారు.

ఎడమ చేత్తో గాలం వెయ్యగలడు గానీ వాడిక ఈగ కట్టలేడు. ఈ లోయలో మగవాడి ఈగ వాడే కట్టుకోవాలి, లేదా వాడి ఇంటివాళ్ళు కట్టాలి. పరాయివాళ్ళు కట్టింది ఎవడూ నీళ్ళలో వెయ్యడు. అన్నను చంపినవాడైనా సరే, ఈగ కట్టిచ్చామంటే వాడు మళ్ళీ మన ఇంటి మనిషే. ఇంటి మనిషి మీద ఇంటివాళ్ళు కత్తెత్తరు. వాడికి పెళ్ళాంబిడ్డలు లేరు. చేపలు పట్టకపోతే తిండి లేదు.

షరతు ఇది. కిహాచి బతికున్నంత కాలం వాడి ఈగలు గెంజిరో తన చేత్తో కట్టాలి. ఏటా మంచు కరగగానే వాడు నీ గడప ముందు నిలబడి ఎడమ చెయ్యి చాపుతాడు. నువ్వు కట్టిన ఈగలు అందులో పెట్టాలి. తల నరికితే వాడికి ఒక్క క్షణంలో అయిపోయేది. నీకు ఇది కష్టమని తెలుసు నాయనా. నిన్ను కన్నదాన్ని, ఈ ఒక్కటీ అడిగే హక్కు నాకుంది.

ఇందులో ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చడానికి వీల్లేదు.

తైషో చక్రవర్తి ఏలుబడిలో పద్నాలుగో సంవత్సరం, పదకొండో నెల, మూడో తేదీ.

తోచిహర షిమా, వేలిముద్ర.

మొదటి సాక్షి, రాసినవారు: మురోయి హన్బే, సంతకం.

రెండో సాక్షి: తోచిహర కిహాచి. కుడి చేతికి కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర. కాగితం కదలకుండా పట్టుకున్నది గెంజిరో.