ఉన్‌సుక్ చేసిన పళ్ళు

నవంబర్ 19
నోరు మండుతోంది. కారమని కిమ్చి ముట్టలేదు.

నవంబర్ 22
ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పక్కపీట డొక్‌రేది. నేను ఆవలిస్తే లోపలి తెల్లపూత చూసింది. నోటికి సున్నం కొట్టించుకున్నావా, ఎవరి పెళ్ళి అని నవ్వింది. తరవాత నాలుక కరుచుకుంది. పెళ్ళి మాట నా దగ్గర ఎత్తకూడదనుకుంటారు అందరూ.

ఇంతకుముందు నేను ఉన్‌సుక్ అమ్మని. షెడ్డులో అందరూ అలాగే పిలిచేవారు. సెప్టెంబరు నుంచి ఆ పేరు ఎవరి నోటా రావడం లేదు. ఇదిగో అంటారు, ఏవమ్మా అంటారు.

నవంబర్ 23
డొక్‌రే తేనె తెచ్చింది. రాసుకో, పిల్లల నోటిపూతకి మా అమ్మ ఇదే రాసేది అంది. మూడు పూటలా రాశాను.

నవంబర్ 26
ఎక్కువైంది. బుగ్గల లోపల తోఫూ ముక్కల్లాగా తెల్లగా. గోకితే ఊడి రక్తం వచ్చింది. పెదాల మూలలు చీలాయి. గంజి కూడా దిగడం లేదు.

నవంబర్ 27
బస్సెక్కి క్లినిక్‌కి వెళ్ళాను. నర్సు బోక్ మల్‌సూన్ గారూ అని మూడుసార్లు పిలిచింది. నా పేరే, ఎవరినో అనుకున్నాను.

డాక్టరు కుర్రవాడు. ఇది ఫంగస్, అందరి నోట్లోనూ కాస్త ఉంటుంది, సందు దొరికితే పెరుగుతుంది అన్నాడు. తేనె సంగతి చెబితే తల పట్టుకున్నాడు. దానికి విందు పెట్టావు కదా అమ్మమ్మా అన్నాడు. షుగర్ టెస్టు చేశాడు, లేదు. రాత్రి కట్టుడు పళ్ళు తీస్తావా అని అడిగాడు. తీస్తానన్నాను.

పచ్చటి సిరప్ ఇచ్చాడు. రోజుకి నాలుగుసార్లు, నోరంతా తిప్పి, కాసేపు ఉంచి మింగాలి. పళ్ళ సెట్టు తోమి రాత్రంతా నీళ్ళలో ఉంచాలి.

నవంబర్ 28
తీయలేదు.

డిసెంబర్ 11
సిరప్ అయిపోయింది. తగ్గలేదు. డాక్టరు పై సెట్టు తీసి చూశాడు. అంగిలి పచ్చి పుండులా ఎర్రగా ఉందట. మందు నువ్వు తాగుతున్నావు, ఫంగస్ దీనికింద హాయిగా కాపురం చేస్తోంది, రాత్రిళ్ళు తీయకపోతే ఇది పారేసి కొత్తది చేయించుకోవలసిందే అన్నాడు.

పారేయడమా. లాక్కుని నోట్లో పెట్టుకున్నాను.

డిసెంబర్ 12
ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తాను. రాయడం అరవై తొమ్మిదో ఏట ఊరి హాల్లో నేర్చుకున్నాను. తప్పులుంటాయి.

ఈ పళ్ళు నా కూతురు చేసింది. బుసాన్‌లో పళ్ళు తయారుచేసే ల్యాబులో దాని పని. నా ముందుపన్ను ఒకటి వంకరగా ఉండేది. సెట్టులోనూ దాన్ని అలాగే వంకరగా పెట్టింది. లేకపోతే నువ్వు నవ్వినప్పుడు వేరే ఎవరో నవ్వినట్టుంటుందమ్మా అంది.

చూసొక్ పండక్కి మూడు రోజుల ముందు, రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసింది. అప్పటికే పళ్ళు తీసి గ్లాసులో వేసి పడుకున్నాను. తలనొప్పిగా ఉందమ్మా, ఊరికే చేశాను, ఏం చేస్తున్నావు అంది. పళ్ళు లేకుండా నా మాట నాకే ముద్దగా వినిపించింది. సిగ్గేసింది. దానికేం అర్థమవుతుందిలే అనుకున్నాను. రేపు, రేపు అని పెట్టేశాను.

తెల్లారేసరికి తలలో నరం చిట్లి, అది పోయింది.

అప్పటినుంచి తీయలేదు. ఫోన్ మోగితే మాట్లాడాలి కదా.

డిసెంబర్ 15
అద్దంలో చూసుకున్నాను. వంకర పన్ను అలాగే ఉంది. పారేస్తే అదీ పోతుంది.
తీసి, తోమి, ఉన్‌సుక్ ఫోటో ముందు గిన్నెలో నీళ్ళు పోసి పెట్టాను. అది చేసిన పని దానికే అప్పగించాను, పొద్దున దాకా. కొత్త సిరప్ నోట్లో తిప్పాను. ఒట్టి చిగుళ్ళతో పడుకున్నాను. బుగ్గలు లోపలికి పోయాయి.

డిసెంబర్ 16, ఉదయం 5
ఫోన్ మోగింది. గిన్నె దాకా వెళ్ళే వ్యవధి లేదు. ఎత్తాను.
డొక్‌రే. ఉన్‌సుక్ అమ్మా, రోడ్డంతా మంచు గడ్డకట్టింది, బస్సు రాదు, పడుకో అంది. ఆ పేరు నోరు జారిందనేమో, ఆగిపోయింది. పిలువు, అలాగే పిలువు అన్నాను. పళ్ళు లేవు, అందుకే ఇలా మాట్లాడుతున్నాను అన్నాను. అర్థమవుతూనే ఉంది, ప్రతి మాటా అర్థమవుతోంది అంది.

ప్రతి మాటా అర్థమైందట.