అమ్మ నేర్పిన పంచెకట్టు

జువ్వలదిన్నెలో ఉన్న మార్తక్కకు, మద్రాసు నుంచి తమ్ముడు యాకోబు చేతులు జోడించి రాసేది.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నేను సరేననక ముందే ఏసుదాసు మామను బస్సెక్కించి పంపినదానివి, ఇక నా మాటతో నీకేం పని? అయినా రాస్తున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? పిల్లలు, మేకలు క్షేమమా? దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. గోడౌను కాపలాలో ఒళ్లు అలిసేదేమీ లేదు. అన్నంలోకి చారుకీ పులుసుకీ మధ్య ఏదో పోస్తారు, తింటున్నాను. సముద్రం ఇక్కడా ఉంది గానీ, జనం దాని దగ్గరికి గాలి కోసం వస్తారు. సముద్రాన్ని అంత చులకన చేసే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. బాగున్నాను, బెంగపడొద్దు.

ఇక మామ సంగతి. నాన్న సముద్రంలో పోయాక మనకు తండ్రిలా నిలబడ్డాడనీ, చివరిదాకా నేనే ఉంచుకోవాలనీ రాయించావు. నిలబడ్డాడు, నిజమే. ఒడ్డున నిలబడ్డాడు. పడవెక్కితే వాంతులయ్యే మనిషి, మీసం దువ్వుకుంటూ, నీళ్లలో ఉన్నవాళ్లకు వల ఎట్లా వెయ్యాలో అరిచి చెప్పేవాడు. మగతనమంటే ఆ మీసమేననుకుని పెరిగాను. నా రెండో తండ్రి మన చర్చిలో ప్రార్థన చెప్పే ఉపదేశిగారు. "తండ్రి లేనోళ్లకు దేవుడే తండ్రి నాయనా" అని ఓదార్చి, మన కోడిపెట్టను కూర చేయించుకుని తిని పోయేవాడు. పెట్ట లేని నెలలో ఓదార్పూ ఉండేది కాదు.

ఇద్దరు తండ్రులుండీ నాకు పంచె కట్టడం నేర్పింది అమ్మ. నాన్న పంచెను తన చీర మీదే చుట్టుకుని, నా ఎదురుగా నిలబడి చూపించింది. నేను అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాను. ఆ తిరగేసిన కట్టే ఇన్నేళ్లూ కట్టాను.

ఇక్కడికొచ్చిన కొత్తలో మన నెల్లూరాయన హోటల్లో కూర్చుంటే, ఆయన పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "సాయిబూ, ఇది మీవాళ్లు హలాలు చేసిన మాంసం కాదు. ముందే చెప్తే మంచిదని చెప్తుండా."

"నేను చర్చికి పోయే కిరస్తానీవాణ్ణయ్యా!"

"మరి పంచె ఆ పక్కకు కట్టినారే! ఈ ఊళ్లో అట్లా కట్టేది సాయిబులే."

ఆయన మర్యాదగానే అడిగాడు. నా తండ్రులిద్దరూ ఒక్కనాడైనా నా నడుము వైపు చూడలేదు కదా అన్నదే నా మంట. అందుకే మామను రేపటి బస్సుకు తిప్పి పంపేస్తున్నాను.

ఇంతవరకూ నిన్న రాసింది. ఈ ఉదయం మామను బయల్దేరదీశాను. ఆయన కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయింది కదా, పంచె నిలవడం లేదు. నేనే కట్టాను. కిందికి చూసుకున్నాడు.

"తిరగేసి కట్టినావు రా."

"చిన్నప్పట్నించీ ఇట్లానే కడతాండా. నువ్వు చూడలేదా?"

"చూసినా. సరిచెయ్యబోతే మీ అమ్మ చేపల కత్తి ఎత్తింది. నా బిడ్డకు నేను నేర్పినా, మార్చినావంటే నీ మీసం కోస్తానంది."

"అమ్మ పోయినాకైనా చెప్పొచ్చుగా?"

"భయం పోలేదురా."

అదీ మీసం. దాన్ని చూసి నేను మగవాణ్ణయ్యాను.

ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు నెత్తళ్ల చేపలు పంపు, ఇద్దరికి సరిపడేట్టు. పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. నీ ప్రార్థనలో నన్ను మరవకు, అక్కా.

నెల్లూరు బస్సు వెళ్లిపోయింది. మామ గంజి తాగి, ఆ పంచెతోనే చాప మీద పడుకున్నాడు.

నీ తమ్ముడు,
యాకోబు