నుజైర్ తుపాకికి బోధన్ గాట్లు

నుజైర్ దేశం,
12 అక్టోబర్ 1993

లింగమన్నా, దండం. కూసొని సదువు, లేకుంటే సంబరానికి ఎగురుతవ్!

ఈ దేశపోళ్లు సొంతంగ తయారుచేస్తున్న తుపాకి మూడేండ్ల సంది ఇసుకకు ఇరుక్కుంటున్నదని పోయిన ఉత్తరంల రాసిన గద. నిన్న ఇరుక్కోలే! మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీల రసం దిగనీకి చెరుకు రోలరుకు నువ్వు గాట్లు కొట్టేది యాదికొచ్చింది. తుపాకి లోపల ముందుకెనుకకు ఆడే ముక్కకు గసొంటి గాట్లే కొట్టిన. ఇసుకంత గాట్లల్ల దిగింది. ఆరు వందల గుండ్లు ఆగకుంట పేలినయ్ అన్నా! పెద్ద ఇంజనీరు నన్ను అలాయ్ బలాయ్ తీసుకున్నడు.

ఒక్క తప్పు చేసిన. సీజన్ల మొదటి చెరుకు ఏసే ముందు మనం రోలరుకు బొట్టు పెడ్తం గద, అట్లనే అవ్వ కట్టిచ్చిన కుంకుమ ఈ తుపాకికి పెట్టిన. పేల్చిన సిపాయి చేతుల చెమటకు అది కరిగి కారింది. చూడనీకి వచ్చిన జనరల్ సాబ్ ఉలిక్కిపడి, "ఎవరి రక్తం?" అన్నడు.

"గుండు ఇంకా ఎవ్వలకు తాకలే సాబ్, గది కుంకుమ" అన్న.

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. రూముకొచ్చినంక, కుంకుమ పోయిన చేతులే మల్ల కడుక్కున్న.

అవ్వకు తుపాకి అని చెప్పకు అన్నా, చెరుకు మిషన్ అను. ఆమె కుంకుమనే పెట్టిన అని మాత్రం చెప్పు, ఖుష్ అయితది.

నీ తమ్ముడు