రక్తం కాగితంలో పై వరస

అమల నాయనకు,

నాకు జబ్బేం లేదు. నువ్వు వారం నుంచి ఫోను ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. ఈడ కువైట్‌లో నర్సుగా ఉండే కోమలి నాయుడుపేటకు వస్తా ఉంటే ఆమె చేతికిచ్చి పంపుతా ఉండాను.

పోయిన నెల నేను పనిచేసే ఇంటోళ్లు నాకు రక్తం పరీక్ష చేయించినారు. కాగితంలో హెపటైటిస్ బి కింద పాజిటివ్ అని ఉండాది. మేడమ్ ఆ పొద్దే నా కంచం, గ్లాసు వేరే పెట్టేసింది. మొగుడి నుంచి పెళ్లానికి కూడా అంటుకునే జబ్బంట అది. పోయినేడు రెండు నెలలు నీతోనే ఉండి వచ్చినాను కదా. లారీ ఎక్కితే పదేసి రోజులు ఇంటికి రాని మనిషివి. నీ మిందికే పోయింది నా మనసు. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టినాను.

తర్వాత కోమలికి కాగితం చూపించినాను. "అక్కా, పై వరస చూడలేదా? జబ్బు ఉందా లేదా అని చెప్పేది అదే. ఆడ నెగటివ్ అని ఉండాది. నువ్వు చూసిన పాజిటివ్, జబ్బును ఆపే శక్తి నీ రక్తంలో ఉందని. టీకా వేయించుకున్నావా?" అనింది. తిరపతి ఆస్పత్రిలో ఆయాగా చేరినప్పుడు మూడు సూదులు వేసినారు. కోమలి అడిగినాకే అది గుర్తొచ్చింది నాకు.

తిట్టింది నా తప్పే. కానీ ఒకటి అడగల్ల. "యాడ తిరిగి తెచ్చినావు?" అని నేను అరిస్తే, ఏం తెచ్చినానని నువ్వు అడగలేదు. నాకెట్లా ఉండాదనీ అడగలేదు.

"నీకెవరు చెప్పినారు?" అన్నావు.

నువ్వూ రక్తం పరీక్ష చేయించుకో. కాగితం కోమలి చదివి చెప్తుంది. ఆ మాట ఎందుకన్నావో మాత్రం నువ్వే చెప్పల్ల.

అమల వాళ్లమ్మ