మూడో స్తంభం కాడ మారెక్క

కచేరికి సున్నం కొట్టిస్తాండే ఇంజనీరు అభిలాష్ సారుకు, రాళ్ళకుంట మారెక్క చెప్పి రాయించే సంగతి.

పాత తాలూకా కచేరిని బయట ముందున్నట్టే చేస్తామని, ఆ రూపు ఎరిగినోళ్ళు రాయమని గేటు కాడ బోర్డు పెట్టినారు. దాని మీద నలభై ఏండ్ల నాటి ఫోటో ఉండాది. మూడో స్తంభానికి ఆనుకొని, అర్జీ పట్టుకొని నిలబడింది నేనే. మెట్టు మీద కూచున్నది నా మొగుడు ఈరప్ప. అర్జీ మా మూడెకరాల చేను పట్టా కోసం. పట్టా లేందే బోరుకు కరెంటు ఇయ్యరు. శెనక్కాయ ఎండిపోతాండాది. నా కాగితం చెదలు తినిందని లోపలోళ్ళు చెప్పి పంపుతాండారు. ఫోటోలో దానికి చెదలు పట్టలేదు, చూసుకోండి.

ఇట్లు, వేలిముద్ర మారెక్క.

మళ్ళా ఒక మాట: రాసేది పాత అంగన్‌వాడీ టీచరమ్మ మస్తానాబీ. తిట్లు నావి, తప్పులు ఆమెవి.

*

శ్రీమతి మారెక్క గారికి నమస్కారములు.

మీ విలువైన సమాచారానికి కృతజ్ఞతలు. ఫోటోలో స్తంభం పక్కన మీరు ఉండటం వల్ల దాని కొలత తేల్చగలుగుతున్నాం. దయచేసి మీ ఎత్తు తెలుపగలరు.

భవదీయుడు, అభిలాష్, పునరుద్ధరణ విభాగం.

తా.క. పట్టా మా పరిధిలోనిది కాదు. మాది బయటి గోడల వరకే.

*

బయటి గోడల సారుకు మారెక్క రాయించేది.

ఏమప్పా, పట్టా అడిగితే పొడుగు అడుగుతావా? నిలబడి నిలబడి నడుము వంగిపోయింది. ఇప్పుడు నన్ను కొలిస్తే నీ కచేరి పొట్టిదవుతాది. నలభై ఏండ్లు బయటి గోడ కాడనే ఉండాను, ఒకనాడూ లోపలికి పిలవలేదు. అట్లయితే నేను నీ పరిధిలోకే వస్తా కదా?

ఇట్లు, అదే వేలిముద్ర.

మళ్ళా ఒక మాట: స్తంభం మీద నల్ల మరక నా తల నూనెది. గీకొద్దు. నేను వచ్చినానని చెప్పేందుకు అదొక్కటే మిగిలుండాది.

*

శ్రీమతి మారెక్క గారికి.

మీ వాదనను పై అధికారులు ఆమోదించారు. మీరు బయటి భాగమే. ఫోటోలో ఉన్నదేదీ తగ్గరాదని నిబంధన కాబట్టి మరకను గీకలేదు. ప్రారంభోత్సవం నాడు తమరు మూడో స్తంభం వద్ద అర్జీతో నిలబడవలెను. మెట్టు మీద కూర్చున్న వ్యక్తిని కూడా వెంట తీసుకురాగలరు.

భవదీయుడు, అభిలాష్.

తా.క. అర్జీ తెల్ల కాగితమైనా చాలు. ఎవరూ చదవరు.

*

అభిలాష్ సారుకు మారెక్క.

వస్తా. నిలబడేది నాకు కొత్త కాదు. ఈరప్పను మాత్రం తేలేను. పద్నాలుగేండ్ల కింద, ఎండాకాలంలో, ఆ మెట్టు మీదనే కూచొని "మన పేరు పిలిస్తే లేపు" అని తల వాల్చినాడు. పేరు పిలవలేదు. నేనూ లేపలేకపోయినా. చేన్లోనే పూడ్చినాము. ఆ చేను నాదని మీ కాగితాల్లో లేదు కదా, తవ్వి తెచ్చుకునేదానికి నన్ను అడిగే పని లేదు. ముందున్నట్టే చేస్తామని బోర్డు పెట్టినోళ్ళు మీరే.

ఇట్లు, మీ కచేరి బయటి భాగం.

మళ్ళా ఒక మాట: తెల్ల కాగితం వద్దు. మస్తానాబీ చేత పెద్దక్షరాలతో రాయిస్తాండా. ఈసారి ఫోటో తీసేటోళ్ళకు ఎదురుగా పట్టుకుంటా. ఇంకో నలభై ఏండ్లకు గోడ బాగుచేసేటోళ్ళన్నా చదువుతారు.