తలకిందుల బిబ్

అక్కా,

…ఇంకో మాట. నిన్న కాగితం అయిపోయి ఆపేశాను. నీ బుడ్డోడు ఏడ్చింది ఒక్కసారే, అదీ వాడి నోట్లోంచి నా జామెట్రీ బాక్స్ లాక్కున్నందుకు. ఐదింటికి పాలు పట్టాను. పాలు తప్ప ఇంకేం పెట్టలేదు.

పొద్దున నేను లేచేసరికి నువ్వు వాణ్ని కింద టైలర్ ఆంటీ దగ్గర దింపి డ్యూటీకని క్లినిక్‌కి వెళ్ళిపోతావు. నేను స్కూల్ నుంచొచ్చి వాణ్ని పైకి తెచ్చుకుంటే ఆరింటికి బావ తీసుకెళ్ళిపోతాడు. పదో తరగతని నాన్న నా ఫోన్ బీరువాలో పెట్టేశాక మనకి వాడి సంచీ జేబే పోస్ట్ డబ్బా అయింది.

వాడి మెడకి కట్టడానికి ఆంటీ కుట్టిన కొత్త బిబ్ బాగుంది. కానీ ‘అడక్కుండా నాకేం పెట్టకండి’ అన్న అక్షరాలు తలకిందులుగా కుట్టింది, పాపం. ఎదురుగా కూర్చుని చదవాలంటే మెడ పట్టేస్తుంది.

నీ పిట్ట

తా.క. బిబ్ మీద ఆ నారింజ మరక నా వాటర్ కలర్.

•

పిట్టా,

నీ వాటర్ కలర్ బొప్పాయి వాసనేస్తోంది. ఒక గింజ కూడా దొరికింది.

వాడికి నిన్నటి నుంచి విరేచనాలు. ఆరో నెల నిండేదాకా పాలు తప్ప ఏదీ వద్దని డాక్టర్ చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. నువ్వు పెట్టవు. నీ చాక్లెట్ నువ్వు తినడానికి కూడా నన్నడిగే పిల్లవి. ఎవరో నీచేత వాటర్ కలర్ అని రాయించారు. ఎవరో చెప్పు. నాకు కోపం లేదు.

అక్క

తా.క. కోపం ఉంది.

•

అక్కా,

నాచేత ఎవరూ రాయించలేదు. నాకేం తెలీదు. ఆంటీ రోజూ మధ్యాహ్నం బొప్పాయి కోసుకుంటుంది, అంతవరకే తెలుసు. ఆమె పెట్టిందని నేను అనట్లేదు.

వాడికి తగ్గిందా? నిజంగా అడుగుతున్నాను.

పిట్ట

తా.క. ఇది చదివాక చించెయ్. ‘అనట్లేదు’ అన్నది మాత్రం గుర్తుపెట్టుకో.

•

పిట్టా,

నువ్వు అననక్కర్లేదు, అర్థమైంది. పొద్దున కింద ఆగి అడిగేశాను. ఆంటీ మిషన్ ఆపి, దారం వైపే చూస్తూ, “పొరపాటైందమ్మా” అంది. అంతే. దారిపొడుగునా నేను తయారుచేసుకున్న మాటలన్నీ వేస్టయిపోయాయి.

సోమవారం నుంచి వాణ్ని బస్టాండ్ పక్కన క్రెష్‌లో వేస్తున్నాం. ఆంటీ దగ్గర ఈ శుక్రవారమే ఆఖరు. ఇంతమందిలో నువ్వొక్కదానివే నాకు నిజం చెప్పావు.

అక్క

తా.క. వాడికి తగ్గింది. బొప్పాయి వల్ల కాకపోవచ్చు, పళ్ళొస్తున్నాయేమో అంది డాక్టర్. ఆవిడ టేబుల్ మీద కూడా బొప్పాయి ముక్కలున్నాయి. ఎవర్ని నమ్మాలో తెలీట్లేదు.

•

అక్కా,

నిజం చెప్పింది నేను కాదు. పెట్టింది నేను.

ఆంటీ నాకిచ్చిన బొప్పాయి తింటుంటే వాడు నా నోటినే చూశాడు. ఒక్క చెంచా అనుకున్నాను. నాలుగో చెంచాకి నోరు తెరుచుకుని నాకోసం ఎదురుచూశాడు. నాకోసం అలా ఇంకెవరూ ఎదురుచూడరు. తర్వాత వాడికి జబ్బు చేసిందని నువ్వు రాస్తే ఆ కాగితాన్ని రెండు చేతుల్తో ఉండ చుట్టేశాను. ఆ చేతుల్తోనే ఆంటీ గురించి రాశాను.

ఇవాళ కిందికి వెళ్తే ఆంటీ వాడి బట్టలన్నీ మడతపెట్టి కట్టేసింది. ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. “నువ్వు కుళాయి దగ్గర చెంచా కడుగుతుంటే చూశాన్లే అమ్మాయ్. నాకు మాట పడటం అలవాటే. బట్టలు బిగుతయ్యాయని రోజూ ఎవరో ఒకరు అంటారు, వాళ్ళు లావయ్యామని మాత్రం ఒప్పుకోరు” అంది. నాకు నవ్వు రాలేదు. పైగా, మీరు అక్షరాలు తిన్నగా కుట్టుంటే చదివి ఆగేదాన్నేమో అన్నాను. తప్పు చేసి ఆమె కుట్టుకి వంక పెట్టాను, అక్కా.

“తలకిందులు కాదు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాళ్ళకి తిన్నగానే కనిపిస్తాయి. మీ అక్కే అలా కావాలంది” అంది. నువ్వు ఒకసారి జామ్ అంటిన వేలు వాడి నోట్లో పెట్టావట. అప్పట్నుంచి నీ వేలంటే నీకే భయమట. వాణ్ని ఎత్తుకున్నప్పుడల్లా నీకే కనపడాలని అలా కుట్టించుకున్నావట.

ఇది చెప్పి నేను తప్పించుకోవాలని కాదు. నీది ఒక వేలు, నావి నాలుగు చెంచాలు. పైగా నువ్వు ఎవరి మీదా తోసెయ్యలేదు. నన్ను క్షమించకపోయినా పర్లేదు. వాణ్ని ఆంటీ దగ్గరే ఉంచు. నేను మాత్రం ఇంక వాణ్ని

తలుపు కొడుతున్నారు. బావయితే టకటకా కొడతాడు. ఇవి రెండే దెబ్బలు. నువ్వే, తొందరగా వచ్చేశావు. వాడి సంచీ కింద ఆంటీ దగ్గరే ఉండిపోయింది. ఈ కాగితం వాడి బిబ్ అడుగున ఉన్న జేబులో దాస్తున్నా.

తా.క. వాణ్ని ఒళ్ళోకి తీసుకుంటే నీకు తిన్నగా